రాయి కింద లోతు

ఆ వేసవిలో మా అత్త నా ఇల్లు వదిలి వెళ్ళిపోయింది. ఎక్స్‌రే ఆయన బంతి వల్లే ఇదంతా అని వీధిలో అనుకున్నారు. బంతి ఏం చేస్తుంది? చేసింది నేను.

బంతి అంటే పిల్లలాడుకునేది కాదు. నల్లగా, నారింజపండంత ఉంటుంది. గాలపు కర్ర దారం కొసకు కట్టి నీళ్ళలోకి విసిరితే తేలుతూ ఉంటుంది. కిందికి మనకు వినపడని శబ్దం పంపిస్తుంది. అది అడుగును తాకి తిరిగొస్తుంది. ఎంత లోతుందో, అడుగున బురదో రాయో, మధ్యలో చేప ఉందో లేదో, ఒడ్డున ఉన్నవాడి ఫోనులో బొమ్మ పడుతుంది. దాన్ని మా క్వారీ గుంటకు తెచ్చిన మొదటి మనిషి ఎక్స్‌రే ఆయన. ముప్పై ఏళ్ళు ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీసి రిటైరై, మా వీధి చివర మేడలోకి దిగాడు. ఒంటరివాడు. అరవై ఆరేళ్ళుంటాయి. చేపలు పట్టడానికి ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చినవాణ్ణి నేను అతన్నొక్కణ్ణే చూశాను.

నేను డ్రిల్లర్‌ని. ఆ గుంట ఎండి ఉన్నప్పుడు ఏడేళ్ళు దాని అడుగున నిలబడి రాతికి బెజ్జాలు వేశాను. తర్వాత యజమాని పంపులు ఆపేశాడు. రెండేళ్ళలో నిండిపోయింది. నీళ్ళు ఆకుపచ్చగా, సున్నం కలిపినట్టు ఉంటాయి. చెయ్యి ముంచితే మణికట్టు కనబడదు. అడుగే లేదని జనం భయం, ఎవరూ కాలు పెట్టరు. నాకు మాత్రం అది నీళ్ళు పోసిన గది. ఎక్కడ మెట్టు, ఎక్కడ గోడ, ఎక్కడ పంపు కూర్చోబెట్టిన గొయ్యి, కళ్ళు మూసుకుని చెప్పగలను. చేపలు ఆ పంపు గొయ్యి అంచున ఉంటాయి. ఆ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. నా భార్యకు కూడా.

భార్య సంగతి ఇక్కడే చెప్పేస్తాను. దాచి లాభం లేదు.

గుంట నిండిన కొత్తలో ఆమె నాతో వచ్చి నా పక్కన కూర్చుంది. కర్ర పట్టుకోవడం నేనే నేర్పాను. రెండో ఆదివారమే మోచేతి నుంచి వేలి కొస దాకా ఉన్న జెల్ల చేపను లాగి ఒడ్డున పడేసింది. నేను అంతకు ముందూ ఆ తర్వాతా అంత చేపను పట్టలేదు. క్వారీ ఆగాక నేను చేరిన రాళ్ళ పాలిష్ షెడ్డులో వారం పాటు అదే మాట. "ఒరేయ్, ఇంటికెళ్ళి మీ ఆవిడ దగ్గర నేర్చుకోరా." "ఆదివారం నువ్వు వంట చెయ్యి, ఆమెను గుంటకు పంపు." అందరితో పాటు నేనూ నవ్వాను. మరుసటి ఆదివారం ఆమెను నా పక్కనుంచి లేపి, నలభై అడుగుల అవతల ఒక చదును రాయి మీద కూర్చోబెట్టాను. "ఇక్కడ నీడ ఉంటుంది," అన్నాను.

నీడ ఉండేది, నిజమే. ఆ రాయి ముందు మాత్రం నడుం లోతు నీళ్ళు కూడా లేవు. అడుగున బోడి బండ. దాన్ని కోయడానికి బెజ్జాలు వేసింది నేనే. చేప తల దాచుకోవడానికి చీలిక కూడా లేదు. ఇరవై రెండేళ్ళు, జబ్బు పడేదాకా, ప్రతి ఆదివారం ఆమె అక్కడే కూర్చుంది. ఒక్క చేప పడలేదు. "నా చెయ్యి మంచిది కాదు," అనేది. నేను కాదనలేదు.

ఆమె పోయి మూడేళ్ళు. పిల్లలు లేరు. ఆమె తల్లి, మా అత్త, అంతకు ముందునుంచే మాతో ఉండేది, తర్వాతా ఉండిపోయింది. ముందు గదిలో కుట్టు మిషను పెట్టుకుని వీధికంతటికీ బట్టలు కుట్టేది. ఆదివారం మధ్యాహ్నం నాకు అన్నం డబ్బా పట్టుకుని గుంటకు వచ్చేది. వచ్చి కూతురి రాయి మీద కూర్చుని చీర అంచులు కుట్టుకునేది.

ఆమె అలా కుట్టుకుంటున్న ఒక ఆదివారమే ఎక్స్‌రే ఆయన ఒక చేత్తో మడత కుర్చీ, ఇంకో చేత్తో కర్రలు పట్టుకుని దిగాడు.

"ఇక్కడ కూర్చోవచ్చాండీ?" అన్నాడు నాతో.

"గుంట మా తాతదేం కాదు."

అత్త తలెత్తింది. "మా అల్లుడికి మాటలు కూడా డ్రిల్లుతోనే వస్తాయి. మీరేం అనుకోకండి, కూర్చోండి."

అతను బంతి విసిరాడు. ఫోను మోకాలి మీద పెట్టుకున్నాడు. "ఆరు మీటర్లు... ఏడు... అరె, ఇక్కడ మెట్టుంది. నిట్టనిలువుగా దిగిపోయింది చూశారా," అని తనలో తనే మురిసిపోయాడు.

ఆ మెట్టు కోసం మేం పదకొండు రోజులు రాతి దుమ్ము పీల్చాం. అతను రెండు నిమిషాల్లో చూశాడు. అదీ ఇస్త్రీ నలగకుండా.

అత్తకు ఆగలేదు. కళ్ళజోడు సవరించుకుంటూ లేచి వెళ్ళింది. "ఏదీ, చూడనివ్వండి. ఈ మేఘం ఏమిటి?"

"బురదండీ. ఇదిగో, తెల్లగా మెరిసేది రాయి. మా ఎక్స్‌రేలో కూడా అంతే, ఎముక తెల్లగా పడుతుంది."

"మరి ఈ కనుబొమలు?"

"అవే చేపలు."

"అల్లుడూ! చేపలు కనుబొమల్లా ఉన్నాయి, వచ్చి చూడు!"

"చేపలు చేపల్లాగే ఉంటాయి," అన్నాను. లేవలేదు. ఆ రోజే కాదు, తర్వాత కూడా ఒక్కసారీ లేచి వెళ్ళి దాన్ని చూడలేదు. అది ఎలా పని చేస్తుందని అడగలేదు. ఆ పంతం నన్ను ఎక్కడికి తీసుకుపోయిందో ముందు ముందు చెప్తాను.

సాయంత్రానికి అతనికి మూడు చేపలు పడ్డాయి. నాకు రెండు. ఒకటి అత్త చేతిలో పెట్టి వెళ్ళాడు. ఇంటికొచ్చి వండింది.

"తినవా?"

"ఆకలి లేదు."

"నువ్వు అలిగితే చేపకేం నష్టం? అదెలాగూ చచ్చింది."

ఆ నెలంతా ఇల్లు అతనితో నిండిపోయింది. డాక్టరుగారు ఇలా అన్నారు, డాక్టరుగారు అలా అన్నారు.

"అతను డాక్టరు కాదు అత్తా. బటన్ నొక్కేవాడు."

"నువ్వు మాత్రం? రాతిని గోటితో గిల్లి బెజ్జం వేశావా? నువ్వూ బటనే నొక్కావు."

అతని బంతికి పాత జాకెట్టు ముక్కతో సంచి కుట్టింది. లోపల మెత్తటి గుడ్డ, పైన లాగి బిగించే తాడు. ఆ రోజుకు నా నీలం చొక్కాకు రెండో గుండీ ఊడి మూడు వారాలు. నేను అడగలేదు. అడిగితే కుట్టి ఇచ్చేదే. అడగకుండా ఎందుకు కనబడలేదన్నదే నా బాధ.

ఒక శుక్రవారం షెడ్డు నుంచి వచ్చేసరికి అతను మా ముందు గదిలో ఉన్నాడు. చొక్కా కాలరు మాసిపోయిందట, తిరగేసి కుట్టించుకోవడానికి వచ్చాడట. మాసిన కాలరు చొక్కా ఒక్కటీ అతనికి ఉంటుందని నేను నమ్మను. మిషను ఆగి ఉంది. అత్త నవ్వుతోంది. గేటు రెండుసార్లు చప్పుడు చేసి మరీ లోపలికి వెళ్ళాను.

"అదేమిటి అల్లుడూ, గేటును కూడా డ్రిల్లు చేస్తున్నావా?"

ఇద్దరూ మళ్ళీ నవ్వారు. నేను వంటగదిలోకి వెళ్ళి నీళ్ళు తాగాను. అతను వెళ్ళేదాకా ఆ గ్లాసుతోనే నిలబడ్డాను.

అరవై తొమ్మిదేళ్ళ ముసలావిడ ఎవరితోనో నవ్వితే నీకు కడుపుమంట ఏమిటని మీరు అడగొచ్చు. నా భార్య ఎలా నవ్వేదో తెలిసినవాళ్ళు లోకంలో ఇద్దరమే మిగిలాం. ఆ నవ్వు కూతురికి తల్లి నుంచే వచ్చింది. ముందు ముక్కుతో చిన్న చప్పుడు, తర్వాత గొంతులోంచి. మూడేళ్ళుగా ఆ నవ్వు మా ఇంట్లో లేదు. ఇప్పుడు వచ్చింది. వేరేవాడు వచ్చి తెప్పించాడు.

గుంట దగ్గర అంతకంటే అన్యాయం. అతనికి దాపరికం లేదు. ఒడ్డుకు ఎవరొచ్చినా ఫోను చేతిలో పెట్టి చూపించేవాడు. "అదిగో అక్కడ వేయండి, నాలుగు మీటర్ల దగ్గర గుంపుగా ఉన్నాయి." నిన్నమొన్న కర్ర పట్టినవాళ్ళు కూడా బుట్ట నింపుకుని పోయేవాళ్ళు. నన్ను చూసి "పెద్దాయనా, ఇవాళ ఎన్ని?" అని అడిగేవాళ్ళు. బంతి ప్రతి వారం కొంచెం కొంచెం నా పంపు గొయ్యి వైపు జరిగేది. చూస్తూ కూర్చున్నాను.

తన కర్రల్లో చిన్నది ఒకటి అత్తకు ఇచ్చి తన పక్కనే కూర్చోబెట్టుకున్నాడు. ఆమెకు మొదటి రోజే చేప పడింది. అరచేయంత. వీధంతటినీ పిలిచి చూపించింది. భర్తగా నేను నా భార్యకు ఏ పని చేయలేదో, ఆ పని పరాయివాడు ఆమె తల్లికి చేస్తున్నాడు. ఆ మాట నాకు అప్పుడే తట్టింది. తట్టినా మంట తగ్గలేదు.

ఆ చేపను బకెట్లో వేసి అత్త అంది, "డాక్టరుగారూ, ఒకసారి మా అమ్మాయి రాయి దగ్గర వేసి చూడండి. ఇరవై రెండేళ్ళు కూర్చుంది పాపం. ఒక్కటీ పడలేదు. దాని చెయ్యి మంచిది కాదని అనుకుంటూనే పోయింది. అసలు ఆ కింద ఏముందో చూద్దాం."

నా చేతిలో దారం ఆగిపోయింది.

"తప్పకుండానండీ. ఇవాళ చార్జింగు అయిపోయింది. వచ్చే ఆదివారం మొదట అక్కడే వేద్దాం."

వారం రోజులు. ఆ వారం నేను షెడ్డులో రెండు పలకలు పగలగొట్టాను. బుధవారం అన్నం తింటూ అన్నాను, "ఆ రాయి దగ్గర ఏముంటుంది అత్తా, నీళ్ళే."

"ఏముందో తెలియకే గదా చూద్దామంటున్నాను."

"చూసి ఏం చేస్తావు? పోయిన మనిషి తిరిగొస్తుందా?"

"రాదు. కానీ దాని చెయ్యి మంచిదే అని ఒక్కసారి అనుకోవాలని ఉంది నాకు. అక్కడ చేపలు ఉండి పడకపోతే సరే, దాని రాత. లేకపోతే మాత్రం దాని తప్పేం లేదన్నమాటే కదా?"

 తెలిస్తే అత్త ఉండదు. ఆ సంగతి నాకు మేకు దిగినట్టు తెలుసు. ఆమె పోతే, ఆ ఇంట్లో నేనూ గోడలూ.

ఆదివారం వచ్చింది. ఎక్స్‌రే ఆయన బంతినీ కర్రనూ నా దగ్గరికే తెచ్చాడు.

"కొత్త దారం వేశానండీ. ముడి మీరు వేస్తే నాకు ధైర్యం. మీ ముడి జారగా ఇన్నేళ్ళలో చూడలేదట, అమ్మగారు చెప్పారు."

అత్త నా గురించి అతని దగ్గర ఒక మంచి మాట అన్నదని నాకు అప్పుడే తెలిసింది. ఒక్క క్షణం ఆగాను. ఒక్క క్షణమే.

నైలాన్ దారానికి ఆరు చుట్లు చుట్టాలి. బిగించే ముందు ఉమ్మితో తడపాలి. నేను రెండు చుట్లు చుట్టాను. తడపలేదు. కొస దగ్గరగా కోసేశాను. చూడటానికి ముద్దుగా ఉంది.

"ముందు నడిమధ్యకు ఒకటి గట్టిగా విసరండి. చెయ్యి కుదురుతుంది. తర్వాత రాయి దగ్గర వేద్దురుగాని," అన్నాను. మెల్లగా వేస్తే ఆ ముడి ఆగుతుంది. గట్టిగా వేస్తే ఆగదు.

అతను నా మాట విన్నాడు. కర్ర వెనక్కి వంచి బలంకొద్దీ విసిరాడు. బంతి వెళ్ళింది, దారం వెళ్ళలేదు. దూరంగా, గుంట నడుమ, టప్పుమని పడి తేలింది. ఆ గుంటలోకి పడవలు రానివ్వరు, ఈదేవాడు లేడు.

"అయ్యో!" అంది అత్త.

"పోయిందండీ," అన్నాను. నా గొంతు నాకే బాగుంది.

నా లెక్క ఒకటే. క్వారీలో రాతికి బాంబు పెట్టినప్పుడు తీగ తెగితే కథ అయిపోయినట్టే. తీగ లేకుండా మాట ఎలా నడుస్తుంది? బంతి చెప్పేదంతా దారం వెంబడి కర్రలోకి, కర్రలోంచి ఫోనులోకి వస్తుందని అనుకున్నాను. రెండు నెలలు పక్కన కూర్చుని, ఒక్కసారి లేచి అడిగి ఉంటే తెలిసేది.

ఎక్స్‌రే ఆయన ఫోను చూసి గట్టిగా అరిచాడు. "మాట్లాడుతూనే ఉంది!"

"దారం లేకుండానా?" నోరు జారాను.

"దారానికీ దీనికీ సంబంధం లేదండీ. వెనక్కి లాక్కోడానికే దారం. కబురు గాల్లోంచి వస్తుంది. వంద అడుగుల లోపల మనం ఉంటే చాలు. గాలి కూడా ఇటే ఉంది, అదే ఒడ్డుకు కొట్టుకొస్తుంది. పదండి అమ్మగారూ, దాని వెంట నడుద్దాం."

వేసవి మధ్యాహ్నం గాలి ఎటు వీస్తుందో నాకు తెలుసు. గుంటలో పడ్డ ప్రతి ఖాళీ సీసా, ప్రతి ఎండుటాకు ఎక్కడికి చేరుతుందో కూడా తెలుసు. తెలిసీ గుర్తు రాలేదు.

ఇద్దరూ ఒడ్డు వెంట నడిచారు. ఫోను అత్త చేతిలో ఉంది. ఆమె అంకెలు పైకి చదువుతోంది, అతను చెట్ల కొమ్మలు పక్కకు పట్టి దారి ఇస్తున్నాడు. గాలం వేసుకుంటున్న వాళ్ళు కూడా లేచి వెనక పడ్డారు. నేను ఉన్న చోటే నిలబడ్డాను. గంటన్నర పట్టింది.

"పదకొండు... తొమ్మిది... అబ్బో, పదహారు! డాక్టరుగారూ, ఇక్కడేమిటి, నుయ్యిలా ఉంది! అంచు నిండా కనుబొమలే!"

పంపు గొయ్యి. నలుగురూ మూగారు, వేలు పెట్టి చూపించుకున్నారు. ఇరవై ఐదేళ్ళ రహస్యం అంతలో తెల్లారిపోయింది. పోతే పోయిందనుకున్నాను. బంతి ఇంకా కదులుతోంది.

"ఏడు... నాలుగు... రెండు..." అత్త గొంతు తగ్గింది. బంతి చదును రాయిని తాకి అక్కడే ఊగుతూ ఆగింది.

"సున్నా పాయింట్ ఎనిమిది," అంది. "ఇది తప్పు చూపిస్తోందేమో చూడండి."

అతను చూశాడు. ముప్పై ఏళ్ళు ఎక్స్‌రేలు చూసినవాడు కూడా వెంటనే పైకి చెప్పలేని బొమ్మ ఒకటి ఉంటుంది కాబోలు. "అడుగు అంతా తెల్లగా ఉందండీ. చదును బండ. ఎవరో కోసినట్టుంది." పక్కవాడి కర్ర తీసుకుని తిరగేసి నీళ్ళలోకి దించాడు. సగం కూడా మునగకుండానే టక్కుమంది. "నడుం లోతు లేదమ్మా."

"చేపలు?"

"ఇక్కడ చేప ఉండదండీ. ఎప్పుడూ ఉండి ఉండదు."

అత్త అక్కడినుంచే నా వైపు చూసింది. నలభై అడుగులు. గొంతు పెంచలేదు.

"దీని అడుగంతా నీకు గది లాంటిదంటావు కదా అల్లుడూ?"

"నీడ ఉంటుందని..." అన్నాను.

ఆమె వంగి బంతిని తీసి కొంగుతో తుడిచింది. సంచిలో వేసి తాడు బిగించింది. వెనక్కి వచ్చి, నేల మీద పడి ఉన్న కర్ర దారం కొస వేళ్ళ మధ్య పట్టుకుంది. యాభై ఏళ్ళు దారంతో బతికిన వేళ్ళు. కొస మెలికలు తిరిగి పందితోకలా ఉంది.

"తెగలేదు. జారింది," అంది. నాతో కాదు, దారంతో.

"కొత్త దారం కదండీ," అన్నాడు ఎక్స్‌రే ఆయన గబగబా. "నున్నగా ఉంటుంది. ఎంత మంచి ముడైనా ఒక్కోసారి జారుతుంది. ఆయన తప్పు లేదు."

అతనికీ తెలుసు. తెలిసి నన్ను కాపాడాడు. అతను చేసిన మిగతావన్నీ ఒకనాటికి మర్చిపోతానేమో. అది మాత్రం క్షమించను.

తొమ్మిది రోజులు అత్త ఆ ఊసెత్తలేదు. వండింది, పెట్టింది, మిషను తొక్కింది. నా చొక్కాలన్నీ బయటికి తీసి గుండీలన్నీ కొత్తగా కుట్టింది. గట్టిగా ఉన్నవి కూడా ఊడబీకి మళ్ళీ కుట్టింది. అది చూసినప్పుడే నాకు అర్థమైంది.

పదో రోజు పొద్దున్న పెట్టె సర్దుకుని ముందు గదిలో కూర్చుంది.

"డాక్టరుగారి కింది వాటా ఖాళీగా ఉంది. తీసుకున్నాను. మిషను రేపు మనిషిని పంపి తెప్పించుకుంటాను."

"వీధిలో ఏమనుకుంటారు?"

"అరవై తొమ్మిదేళ్ళ దాని గురించి ఇంకా ఏదో అనుకుంటున్నారంటే నాకు గొప్పే. అనుకోనీ."

"నన్ను తిట్టు అత్తా."

"తిట్టను. తిడితే నీకు తేలికవుతుంది." తర్వాత అడిగింది, "ఎందుకు చేశావు?"

జెల్ల సంగతి చెప్పాను. షెడ్డులో మాటలు చెప్పాను. అంతకంటే చెప్పడానికి ఏమీ లేదు.

"ఒక్క చేపకా?"

"ఒక్క చేపకే."

"ఇరవై రెండేళ్ళా?"

తల ఊపాను.

"దానికి తెలుసా?"

"తెలీదు," అన్నాను వెంటనే. "ఒక్క రోజు కూడా అనుమానపడలేదు. సంతోషంగానే కూర్చునేది." ఆ ముసలిదానికి నేను ఇవ్వగలిగింది అదొక్కటే. అందుకే గట్టిగా చెప్పాను. నేనూ అదే నమ్మాను.

ఆమె కళ్ళు తుడుచుకుంది. "సరే. దాని కర్ర ఇవ్వు. నేను పట్టుకెళ్తాను."

అటక మీదినుంచి దించాను. గుడ్డ తొడుగులో ఉంది. ఆఖరి ఆదివారం ఆమె తన చేత్తో తొడుగు వేసి కట్టాక ఎవరూ విప్పలేదు. అత్త ముడి విప్పి కర్రను కొంచెం బయటికి లాగింది. దారం కొస పట్టుకుని చూసింది. ఇంకోసారి చూసింది.

"గాలం ఏది?"

దారం కొసన సీసం గుండు ఒక్కటే వేలాడుతోంది. దాని పైన గాలం కట్టే కొమ్మదారం లేదు, కట్టిన గుర్తూ లేదు. గుండు సరిగ్గా కొసకు, ఆరు చుట్ల ముడితో కట్టి ఉంది. నేను నేర్పిన ముడి. గుండుకు ఒక వైపు అరిగి అరిగి గుండీలా చదునైపోయింది. అద్దంలా మెరుస్తోంది.

"నువ్వు తీసేశావా?" అంది అత్త.

"నేను ముట్టుకోలేదు."

ఆమె ముడిని వెలుతురుకు పట్టింది. "ఇది నిన్నటి ముడి కాదు. దారం పసుపెక్కిపోయింది. ఏళ్ళ నాటిది." గుండు చదును వైపు బొటనవేలితో రాసింది. "దేని మీదో లాగీ లాగీ అరిగింది. రాతి మీద."

 గాలం లేకుండా ఉత్త సీసం ఎవరైనా నీళ్ళలోకి ఎందుకు వేస్తారు? అడుగు ఎంత దూరంలో ఉందో, ఎలా ఉందో తెలుసుకోవడానికి వేస్తారు. తెలిశాక కూడా వేస్తూ కూర్చోవాలంటే వేరే కారణం ఉండాలి.

అత్త గుండును మళ్ళీ తొడుగులోకి తోసి తాడు కట్టింది. నన్ను చూసింది. తొమ్మిది రోజులూ దొంగను చూసినట్టు చూసింది. ఇప్పుడు అలా చూడలేదు.

"పాపం," అంది. నన్నో, కూతుర్నో చెప్పలేదు.

పెట్టె నేను ఎత్తబోతే వద్దంది. గేటు దగ్గర ఎక్స్‌రే ఆయన నిలబడి ఉన్నాడు. లోపలికి రాలేదు. పెట్టె అతనికి ఇచ్చి, కర్ర మాత్రం తనే పట్టుకుని వీధి చివరికి నడిచింది.

ఇప్పుడు ఆదివారాలు వాళ్ళిద్దరూ పంపు గొయ్యి అంచున వేస్తున్నారు. జనం కూడా అక్కడే. నేను పక్కకు జరిగి కూర్చుంటున్నాను.

ఒక విషయం మాత్రం తేలడం లేదు. ప్రతి ఆదివారం సాయంత్రం నా భార్య తన ఎర డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టేది. "మిగిలింది, నువ్వు వాడుకో," అనేది. డబ్బా ఎప్పుడూ నిండుగా ఉండేది. పొదుపు మనిషి అనుకుని తీసుకునేవాణ్ణి. ఆ డబ్బా ఏ ఏటి నుంచి అలా నిండుగా వస్తోంది? మొదటి ఏడా, పదో ఏడా? ఎంత వెనక్కి వెళ్ళినా ఖాళీ డబ్బా ఒక్కటీ గుర్తు రావడం లేదు. అన్నేళ్ళు గాలం లేని కర్ర పట్టుకుని ఆ రాయి మీద ఆమె ఏం చూస్తూ కూర్చుందో కూడా చెప్పలేను. నలభై అడుగుల దూరమే. నేను ఒక్కసారి కూడా అటు తిరిగి చూడలేదు.